సముద్రం వైపు గుమ్మాలున్న ఊళ్లు

గ్రీసులో పాత రేవు పట్నాలకి రోడ్డు మీద వెళ్తే పెరటి దోవన ఇంట్లో దూరినట్టే ఉంటుంది. ముందు పెట్రోలు బంకు, తర్వాత టైర్ల షాపు, చెత్త డబ్బాలు, అపార్ట్‌మెంట్ల వెనక బాల్కనీల్లో ఆరేసిన బట్టలు. అవన్నీ దాటాక ఎక్కడో చివర్న నీళ్లు కనబడతాయి. అదే ఊరికి నీళ్ల మీదుగా వస్తే గడియార స్తంభం, చర్చి గోపురం, డబ్బు చేసుకున్న నావికులు కట్టించుకున్న మేడలు, కాఫీ కొట్ల కుర్చీలు, అన్నీ మన వైపే తిరిగి ఉంటాయి. ఆ ఊరు కట్టినవాళ్లు ఎవరొస్తారా అని ఎటు చూసేవారో, అటు నుంచే మనం వస్తాం మరి.

ఈ సంగతి నాకు తెలిసొచ్చింది సెప్టెంబరులో, బావగారి పడవ మీద. పడవంటే సినిమాల్లో చూపించే తెల్లటి రాజభవనం అనుకోకండి. 36 అడుగుల పాత తెరచాప పడవ. పడుకోడానికి రెండు ఇరుకు గదులు, వంటకీ భోజనానికీ మ్యాపులకీ కలిపి ఒకే బల్ల, స్నానం చేస్తుంటే రెండు మోచేతులూ గోడలకి తగిలే బాత్రూమ్. అక్కా బావగారూ ఏథెన్స్‌లో స్థిరపడి చాలా ఏళ్లయింది. వేసవంతా పడవని అలిమోస్ మెరీనాలో ఉంచి, చలికాలానికి పశ్చిమ తీరంలో ప్రెవెజా దగ్గర ఒక యార్డులో ఒడ్డెక్కిస్తారు. ఈసారి ఆ ప్రయాణంలో కొరింత్ కాలువ దాటేదాకా మమ్మల్ని తోడు రమ్మన్నారు.

"మాకేం రాదు కదా బావగారూ" అన్నాను.

"తాడు పట్టుకోమంటే పట్టుకోవాలి, వదలమంటే వదలాలి. మధ్యలో ఎందుకని అడక్కూడదు" అన్నారు.

ఆ మూడో షరతు ఎవరి కోసమో నాకు వెంటనే అర్థమైంది. మావారు ఎందుకని అడక్కుండా మంచినీళ్లు కూడా తాగరు. తోడల్లుళ్లిద్దరూ ఒకే పడవలో, అదీ ఒకరు కెప్టెన్, ఒకరు కూలీ. అక్కా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

అలిమోస్ నుంచి కాలువకి నేరుగా వెళ్తే ఒక్క పగటి ప్రయాణం. బావగారు మాత్రం సరోనిక్ గల్ఫ్‌లోని దీవులు చుట్టబెట్టి నిదానంగా వెళ్దామన్నారు. వేసవిలో ఏజియన్ సముద్రం మీద ఉత్తరం నుంచి మెల్తెమి అనే గాలి వీస్తుంది. జులై, ఆగస్టుల్లో దాని జోరు మరీ ఎక్కువ. అప్పుడు సైక్లడీస్ దీవుల్లో చిన్న పడవలు రోజుల తరబడి రేవు కదలవు. సరోనిక్‌కి ఏథెన్స్ ఉన్న అటికా ప్రాంతపు కొండలు కొంత అడ్డం కాబట్టి ఇక్కడ ఆ దెబ్బ తక్కువ. పైగా సెప్టెంబరు నడుస్తోంది, నీళ్లు ఇంకా వెచ్చగానే ఉన్నాయి, జనం పలచబడ్డారు. కొత్తవాళ్లని ఎక్కించుకోడానికి ఇంత కన్నా మంచి చోటు, మంచి కాలం లేవని బావగారి నమ్మకం. నాకూ అదే సరైన మాట అనిపించింది. అద్దెకి పడవ తీసుకునేవాళ్లలో చాలామంది శాంటొరినీ, మికొనోస్ ఫొటోలు చూసి మొదటిసారే సైక్లడీస్‌కి పరిగెత్తుతారు. ఆ తొందర ఎందుకో నాకు అంతుపట్టదు.

పడవలో చేరిన రోజే అక్క రూల్స్ చదివింది. మంచినీళ్ల ట్యాంకు మళ్లీ ఎక్కడ నిండుతుందో తెలీదు కాబట్టి గిన్నెలు ముందు సముద్రపు నీళ్లతో తోమి, చివర్న ఒక గ్లాసుడు మంచినీళ్లతో కడగాలి. టాయిలెట్‌లో కాగితం వేస్తే పంపు మూసుకుపోతుంది, విప్పి బాగుచేసేది వేసినవాళ్లే. ఫ్రిజ్ ఊరికే తెరవకూడదు, బ్యాటరీని తినేసేది అదొక్కటే. డెక్ మీద చెప్పులు వద్దు. మావారు ఒక్కదానికీ ఎందుకని అడగలేదు. అక్కంటే ఆయనకి భయం.

ఏథెన్స్ రేవు పిరేయస్ బయట లంగరు వేసుకున్న ట్యాంకర్ల మధ్య నుంచి, వాటి పక్కన చీమంత పడవలో, నైరుతి దిక్కుకి సాగాం. ఫెర్రీలు చెప్పాపెట్టకుండా వెనక నుంచి వచ్చేస్తాయి. దూరాన చుక్కలా కనబడిన పది నిమిషాలకే పక్కనుంటాయి. కుడి వైపు సలామిస్ దీవి. క్రీ.పూ. 480లో పర్షియన్ నౌకల్ని గ్రీకులు ఓడించిన సన్నటి జలసంధి దాని అవతలే. ఈ వివరాలు బావగారు ఉత్సాహంగా చెబుతుంటే మావారు దిగంతం వైపే చూస్తూ కూర్చున్నారు. ఆయన చరిత్ర వినే స్థితిలో లేరు. కడుపులో తిప్పినప్పుడు చూపు దిగంతం మీదే నిలపాలి, లోపలి గదిలోకి వెళ్లకూడదు, ఫోను అసలు చూడకూడదు. ఆ మూడూ పాటించాక మధ్యాహ్నానికి ఆయన చుక్కాని పట్టుకున్నారు. చేతిలో పని ఉంటే వికారం నిజంగానే తగ్గుతుంది.

ఈజినా దీవి రేవు నోట్లో తెల్లటి బుల్లి చర్చి ఉంది, నావికుల్ని కాపాడే సెయింట్ నికోలస్‌ది. అది దాటాక మాకు అసలు టెన్షన్ మొదలైంది. మధ్యధరాలో పడవని గట్టుకి పొడవునా ఆనించి కట్టరు, అంత చోటు ఎవరికీ దొరకదు. గట్టుకి నలభై యాభై మీటర్ల ఇవతలే లంగరు వదిలి, గొలుసు జారవిడుస్తూ వెనక్కి వెళ్లి, పడవ వెనక భాగాన్ని గట్టు దగ్గరికి తెచ్చి రెండు తాళ్లతో కడతారు. ముందు నుంచి లంగరు లాగుతుంది, వెనక నుంచి తాళ్లు లాగుతాయి, మధ్యలో పడవ బుద్ధిగా నిలబడుతుంది. గట్టు మీదికి ఒక పలక వేస్తే అదే వీధి గుమ్మం.

ఈ పద్ధతి ఇక్కడే ఇంత బాగా కుదరడానికి కారణం ఆటుపోట్లు దాదాపు లేకపోవడం. అట్లాంటిక్ నుంచి మధ్యధరాకి సహజంగా ఉన్న దారి జిబ్రాల్టర్ జలసంధి ఒక్కటే. ఇరుకైన చోట దాని వెడల్పు 14 కిలోమీటర్లే. ఆ సందులోంచి పోటు పెద్దగా లోపలికి రాదు. చాలా తీరాల్లో నీటిమట్టం తేడా జానెడు, మహా అయితే మూరెడు. నీళ్లు మూడు నాలుగు మీటర్లు లేచి పడే సముద్రంలో ఇలా కడితే తాళ్లు తెగిపోతాయి, లేదా దిగడానికి నిచ్చెన కావాల్సొస్తుంది.

సాయంత్రం ఐదయ్యేసరికి గట్టున ఉన్న పడవలన్నిటికీ ఒకటే కాలక్షేపం: కొత్తగా వచ్చేవాళ్లు ఎలా కడతారో చూడటం. కాఫీ గ్లాసులు పట్టుకుని అందరూ వెనక భాగంలో కూర్చుంటారు. కానీ పక్క గాలి పడవని తోసేస్తోందని తెలియగానే చూస్తున్నవాళ్లే లేచి ఫెండర్లు, అంటే పడవలు రాసుకోకుండా పెట్టే గాలి దిండ్లు, పట్టుకొచ్చి అడ్డం పెడతారు, తాడు అందుకుంటారు. మా తాడు ఒక ముసలాయన అందుకున్నాడు. అందుకుంటూనే గ్రీకులో ఏదో అడిగాడు. "గొలుసు ఎంత వేశావు?" అని అడుగుతున్నాడన్నారు బావగారు. తర్వాత ప్రతి రేవులోనూ మాకు ఎదురైన మొదటి ప్రశ్న అదే. లోతుకి నాలుగైదు రెట్లు గొలుసు వేస్తే మర్యాదస్తులు. తక్కువ వేస్తే రాత్రి గాలి లేచినప్పుడు మన పడవ పక్కవాళ్ల మీద పడుతుంది, అందుకని ఆ ఆరా.

ఈజినా గట్టున కూరగాయలమ్మే పడవలున్నాయి. టమాటాలు, ద్రాక్ష, వెల్లుల్లి జడలు పడవలోనే గుట్టలుగా పోసి రోడ్డు మీద నిలబడ్డవాళ్లకి తూచి ఇస్తారు. సెప్టెంబరు కాబట్టి ఊరంతా పిస్తా కోతల హడావుడి. ఈజినా పిస్తాకి యూరోపియన్ యూనియన్ భౌగోళిక గుర్తింపు ఉంది. అప్పుడే చెట్టు నుంచి దింపిన పిస్తాకి గులాబీ రంగు పైతొక్క ఉంటుంది. అది వేళ్లతో నొక్కితే జారిపోతుంది, లోపల గింజ ఇంకా మెత్తగా ఉంటుంది. వేయించి ఉప్పు పట్టించినదే తిన్న నాకు అది పిస్తా అని నమ్మడానికి కాసేపు పట్టింది.

బస్సెక్కి కొండ మీది అఫేయా గుడికి వెళ్లాం. క్రీ.పూ. 500 ప్రాంతంలో డోరిక్ అనే పాత గ్రీకు శైలిలో కట్టిన గుడి, చుట్టూ పైన్ చెట్లు, కింద రెండు వైపులా సముద్రం. స్తంభాలు చాలావరకు నిలబడే ఉన్నాయి. పైకప్పు కింద ముక్కోణంలో ఉండాల్సిన యోధుల శిల్పాలు మాత్రం ఇక్కడ లేవు. 1811లో యూరప్ నుంచి వచ్చిన వాస్తుశిల్పులు తవ్వి తీశారు, తర్వాత బవేరియా యువరాజు లుడ్విగ్ కొనుక్కున్నాడు. ఇప్పుడు మ్యూనిక్‌లో ఉన్నాయి. వాటిని చూడాలంటే జర్మనీ పోవాలి, అవి దేన్ని చూస్తూ ఉండేవో తెలియాలంటే ఇక్కడికి రావాలి. ఈ ఏర్పాటు నాకు నచ్చలేదు.

ఈజినాకి నైరుతి మూలన మోని అని చిన్న దీవి. మనుషులుండరు. జింకలు, నెమళ్లు తిరుగుతుంటాయి. మేం పడవ లంగరు వేసి ఈతకి దిగితే ఒడ్డున నెమలి మా తువ్వాళ్ల మీద నడిచింది. లంగరు వేయడానికి బావగారు అక్కడ నీటి రంగు చూస్తూ చాలాసేపు తిరిగారు. నీళ్లు లేత రంగులో ఉంటే కింద ఇసుక. నల్లగా మచ్చలున్న చోట పొసిడోనియా ఓషియానికా అనే సముద్రపు గడ్డి. అది నాచు కాదు, పూలు పూసే మొక్క. మధ్యధరాలో తప్ప ఇంకెక్కడా పెరగదు. చేపలు గుడ్లు పెట్టేదీ, పిల్లలు పెరిగేదీ అందులోనే. దాని వేరుకాండం ఏడాదికి కొద్ది సెంటీమీటర్లు సాగితే గొప్ప. ఒక లంగరు పెకలించిన గుంట పూడటానికి ఎన్నేళ్లు పడుతుందో లెక్కేసుకోండి. పైగా ఆ గడ్డి మీద లంగరు పట్టదు, జారిపోతుంది. కాబట్టి గడ్డిని కాపాడాలన్న ప్రేమ లేకపోయినా నిద్ర మీద ప్రేమ ఉన్నవాళ్లు ఇసుకే వెతుక్కోవాలి.

పాత ఎపిదావ్రోస్‌లో గట్టుకి కట్టి, పొద్దున్నే టాక్సీ మాట్లాడుకుని కొండల్లోని పెద్ద థియేటర్‌కి వెళ్లాం. ఏథెన్స్ నుంచి టూరిస్టు బస్సులు రాకముందే లోపలుండటం పడవలో వచ్చినవాళ్లకి దొరికే వరం. క్రీ.పూ. నాలుగో శతాబ్దం చివర్లో మొదలైన కట్టడం. కింద 34 వరుసలు, తర్వాత కాలంలో పైన చేర్చినవి 21. పన్నెండు, పధ్నాలుగు వేల మంది కూర్చోవచ్చు. మధ్యలో గుండ్రటి రంగస్థలం మీద ఒక రాయి ఉంది, దాని మీద నిలబడి నాణెం పడేస్తే చిట్టచివరి వరుసకి వినిపిస్తుందని గైడ్లందరూ చెబుతారు. అక్కని పైకి పంపి మేమూ పడేశాం. టింగుమన్న చప్పుడు వినబడిందట, మావారు గుసగుసగా చెప్పింది మాత్రం వినబడలేదట. ఇక్కడ నెదర్లాండ్స్ పరిశోధకులు పరికరాలతో కొలిచి 2017లో ఇంచుమించు అదే తేల్చారు: నాణెం చప్పుడు పైదాకా అందుతుంది గానీ గుసగుస అర్థమవ్వాలంటే ముందు వరుసల్లోనే ఉండాలి. గొంతు పెంచి మాట్లాడితే మటుకు ఒక్క అక్షరం పోదు. అది చాలదా! అసలు నన్ను కట్టిపడేసింది చప్పుడు కాదు, సున్నపురాతి మెట్ల అంచులు. ప్రతి మెట్టుకీ ముందు కూర్చునే చోటు, దాని వెనక పై వరుసవాళ్లు కాళ్లు పెట్టుకునే చోటు కాస్త పల్లంగా చెక్కి ఉంది. ముందువాడి బట్టలకి మన కాళ్లు తగలకుండా. రెండువేల మూడొందల ఏళ్ల కింద ఒకాయన ఈ సంగతి ఆలోచించాడు.

మధ్యాహ్నం ఊరి పక్కన తీరంలో మునిగిన రోమన్ ఇల్లు చూడటానికి ఈత కళ్లద్దాలు పెట్టుకుని నీళ్లలోకి దిగాం. లోతు రెండు మీటర్లు ఉంటుందేమో, అంతే. గోడల పునాదులు గదులు గదులుగా కనబడతాయి, ఇసుకలో సగం కూరుకుపోయిన పెద్ద జాడీల మూతులు కనబడతాయి, వాటిలోంచి చారల చేపలు బయటికొస్తాయి. ఒక్క పెంకు ముక్క తీసినా గ్రీసు చట్టం ప్రకారం నేరమే. అది చూస్తుంటే తీయాలనీ అనిపించదు.

మెథానా గురించి ఒకటే చెబుతాను: అగ్నిపర్వతం, గంధకం వాసన, తలుపులు మూసుకుని ముందుకెళ్లాం.

ఈ ఊళ్లు సముద్రం వైపే తిరిగి ఉంటాయన్న నా మాటకి పోరోస్‌కి వచ్చే జలసంధి సాక్ష్యం. ఒకవైపు దీవి, ఇంకోవైపు ప్రధాన భూభాగం మీది గలతాస్ ఊరు, మధ్యలో ఏరంత వెడల్పున్న నీళ్లు. కొండ చుట్టూ అంచెలంచెలుగా ఎర్ర పెంకుల ఇళ్లు, అన్నిటికీ పైన 1927లో కట్టిన గడియార స్తంభం. పడవ మెల్లిగా సాగుతుంటే ఊరు మొత్తం ఒక చివర నుంచి ఇంకో చివరకి మన ముందు నడిచిపోతుంది. పిరేయస్ నుంచి ఒక్క రోజులో హైడ్రా, పోరోస్, ఈజినా మూడూ చూపించే పెద్ద టూరు పడవలొస్తాయి. వాటిలోంచి దిగినవాళ్లు గడియారం దాకా పరుగున ఎక్కి, ఫొటో తీసుకుని, పరుగున దిగిపోతారు. చివరి పడవ వెళ్లిపోయాక ఊరివాళ్లు కుర్చీలు బయటికి లాక్కుంటారు, పిల్లలు గట్టు మీద బంతాట మొదలెడతారు. పడవకి అయ్యే ఖర్చుకి, పడే శ్రమకి నాకు దొరికిన సరైన జవాబు ఆ తర్వాతి గంటలే.

దీవి నడిమధ్య కొండ మీద కలౌరియా అనే చోట సముద్ర దేవుడు పొసైడన్ గుడి ఉండేది. ఇప్పుడు పునాదులూ చెదురుమదురు రాళ్లూ మిగిలాయి. రాళ్లు హైడ్రా వాళ్లు పట్టుకెళ్లి తమ కట్టడాల్లో వాడుకున్నారని చెబుతారు. క్రీ.పూ. 322లో ఏథెన్స్ వక్త డెమోస్తనీస్ మాసిడోనియా సైనికుల్ని తప్పించుకుని ఇక్కడే తలదాచుకున్నాడు. వాళ్లొచ్చి బయటికి రమ్మంటే, ఇంటికి ఉత్తరం రాసుకుంటానని కలం అందుకుని, దానిలో దాచిన విషాన్ని కొరికాడని ప్రాచీన గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. గుడి మైలపడకూడదని చావు దగ్గర పడుతుండగా లేచి బయటికి నడిచి, బలిపీఠం దాటుతూ పడిపోయాడట. మేం వెళ్లేసరికి అక్కడ ఇంకెవరూ లేరు. టికెట్ లేదు, బోర్డులు రెండు మూడు. మావారు ఒక రాయి మీద కూర్చుని "ఆయన మాట ఎవరూ వినలేదన్నమాట" అన్నారు. బావగారు వినిపించుకోనట్టే ఉన్నారు.

గట్టున మా పక్కన అద్దె పడవల గుంపొకటి దిగింది. వాటిలో ఒక కుర్రాడు ఎంత ఖర్చవుతుంది, ఎలా తీసుకోవాలి అని నాకు వివరంగా చెప్పాడు. గ్రీసులో కెప్టెన్ లేకుండా పడవ అద్దెకి ఇవ్వాలంటే తీసుకునేవాళ్లలో ఒకరికి గుర్తింపున్న లైసెన్సు ఉండాలి, రెండో మనిషికి కూడా పడవ పని తెలిసి ఉండాలి. లేదంటే కెప్టెన్‌తో సహా తీసుకోవాలి. సొంత పడవలకి ఏడు మీటర్లు దాటితే నెలవారీ పన్ను ఉంది, కట్టిన కాగితం లేకపోతే కోస్ట్ గార్డు జరిమానా వేస్తారు. దీవుల్లో మున్సిపాలిటీ గట్లకి మాత్రం రుసుము తక్కువే. చాలా చోట్ల మేం నలుగురం తాగిన కాఫీలకి అంత కన్నా ఎక్కువైంది.

ఇక హైడ్రా. ఈ దీవిలో కార్లు లేవు, మోటార్ సైకిళ్లు లేవు. చెత్త బండి లాంటి ఒకటో రెండో మినహాయింపులు. ఫ్రిజ్ దిగినా, సిమెంటు దిగినా, పెళ్లివారి సూట్‌కేసులు దిగినా గాడిదలూ కంచర గాడిదలూ మోయాల్సిందే. అవి గట్టు మీద వరుసగా నిలబడి ఉంటాయి. రేవు గుర్రపు నాడా ఆకారంలో ఉంది, చుట్టూ బూడిదరంగు రాతి మేడలు మెట్లు మెట్లుగా లేచాయి. నెపోలియన్ యుద్ధాల కాలంలో బ్రిటిష్ దిగ్బంధాన్ని తప్పించుకుంటూ గోధుమలు మోసి ఇక్కడి ఓడల యజమానులు విపరీతంగా సంపాదించారు. 1821లో స్వాతంత్ర్య యుద్ధం రాగానే ఆ ఓడలకే ఫిరంగులు బిగించారు. ఆ సంపదకి ఈ రేవు చిన్నది. ఇప్పుడొచ్చే పడవలకి మరీ చిన్నది. మధ్యాహ్నానికే గట్టంతా నిండిపోతుంది. ఆ తర్వాత వచ్చినవాళ్లు ముందు వరుస పడవలకి తమ పడవ కట్టుకుంటారు, వాళ్ల వెనక మూడో వరుస. ఒడ్డుకి వెళ్లాలంటే ముక్కూమొహం తెలియని వాళ్ల డెక్‌ల మీదుగా నడవాలి, చెప్పులు చేత్తో పట్టుకుని, "కలిమేరా" (శుభోదయం) అంటూ.

రేవు ఇరుకు, లోతు ఎక్కువ. అంటే గొలుసు చాలా వేయాలి, వేస్తే అది అవతలి గట్టువాళ్ల గొలుసుల మీద పడుతుంది. ఈ సంగతి అందరికీ తెలుసు, అయినా అందరూ వేస్తారు. మర్నాడు పొద్దున మేం లంగరు ఎత్తడం మొదలెట్టాం. మోటారు గొలుసుని కొంతదూరం బాగానే లాగి, ఉన్నట్టుండి మూలిగింది. ముందు భాగంలో వంగి చూస్తే మా లంగరు కొక్కేనికి అడ్డంగా ఇంకో గొలుసు, తీగలా బిగుసుకుని. అది ఎదురుగట్టున ఉన్న ఒక ఇటాలియన్ కుటుంబానిది. వాళ్ల అమ్మాయి పళ్లు తోముకుంటూ బయటికొచ్చి చూసి, లోపలికి కేకేసింది.

బావగారు ఇక్కడ చేసిన పని మాత్రం నేను కళ్లార్పకుండా చూశాను. దానికి లావుపాటి తాళ్లేం అక్కర్లేదు, ఒక్క సన్నటి గట్టి తాడు చాలు. దాని ఒక కొస డెక్ మీది ఇనుప కొయ్యకి కట్టారు. పొట్ట మీద పడుకుని, రెండో కొసని ఆ పరాయి గొలుసు కిందుగా పోనిచ్చి, అవతలి నుంచి మళ్లీ పైకి తీసి అదే కొయ్యకి రెండు చుట్లు చుట్టారు. ఇప్పుడు ఆ గొలుసు బరువంతా తాడు మీద ఉంది. "గొలుసు వదులు" అన్నారు. మావారు బటన్ నొక్కారు. మా లంగరు ఓ మీటరు కిందికి జారి, పక్కకి తిరిగి, కొక్కెం విడిపోయింది. "ఇప్పుడు ఎత్తు." ఎత్తారు. లంగరు బురద కారుస్తూ పైకొచ్చి దాని చోట్లో కూర్చుంది. అప్పుడు బావగారు తాడుకి ఒక కొస వదిలేశారు. పరాయి గొలుసు దబ్బున నీళ్లలో పడి మాయమైంది. ఇటాలియన్ పెద్దాయన చేతులు జోడించినంత పని చేశాడు. అరిచినవాళ్లు ఒక్కరు లేరు. ఇంజిన్ మీద బలవంతంగా లాగి ఉంటే వాళ్ల లంగరు ఊడొచ్చేది, పక్క పడవలన్నీ ఒకదాని మీద ఒకటి పడేవి.

మావారు ఎందుకని అడగకుండా రెండుసార్లు బటన్ నొక్కారని మధ్యాహ్నం భోజనాల దగ్గర అక్క గుర్తు చేసింది.

తర్వాత గాలి మారింది. ఉత్తరం నుంచి ఆరు బోఫోర్ అని రేడియోలో చెప్పారు, బోఫోర్ అంటే గాలి జోరుకి కొలత. ఇక్కడ చేపలమ్మే ఆవిడ కూడా గాలిని బోఫోర్ లెక్కలోనే చెబుతుంది. ఎర్మియోని ఊరికి రెండు ముఖాలున్నాయి. సముద్రంలోకి చొచ్చుకొచ్చిన సన్నటి నేల మీద ఊరు, ఉత్తరానా దక్షిణానా రెండు గట్లు. ఉత్తరపు గాలి వస్తే దక్షిణపు గట్టుకి పోవాలి. అక్కడే తిష్ట వేశాం. కొసన పైన్ చెట్ల తోపులో నడకలు, బేకరీలో పాలకూర పఫ్‌లు, పెద్ద చిక్కుడు గింజల కూర, పడుకోవడం. గాలి తగ్గకుండా కదిలేది లేదని బావగారు ముందే తేల్చేశారు. విమానం టికెట్లు తేదీతో బుక్ చేసుకునే అలవాటున్న మావారికి ఇది కొంత ఇబ్బందైంది. తిరుగు ప్రయాణానికి రెండు రోజులు అటూ ఇటూ ఉంచుకోకుండా పడవ ఎక్కొద్దని మాత్రం ఎవరికైనా చెబుతాను. ఎదురుగా కనబడే డోకోస్ దీవి దగ్గర 1975లో దొరికిన ఓడ సరుకు క్రీ.పూ. 2200 ప్రాంతానిదట. చెక్క అంతా పోయింది, కుండలు మిగిలాయి. గాలికి ఎదురు వెళ్దామని వాళ్లకీ ఎవరో చెప్పి ఉంటారు.

గాలి పడ్డాక ఉత్తరానికి వచ్చి, కోర్ఫోస్‌లో ఒక రాత్రి ఆగి, పొద్దున్నే ఇస్థ్మియా దగ్గర కాలువ మొదటికి చేరాం. ఇక్కడ పద్ధతి ఇది: ఆఫీసు ముందు గట్టుకి కట్టి, కాగితాలు చూపించి రుసుము కట్టాలి, రేడియో పదకొండో ఛానెల్‌లో పిలుపు వచ్చేదాకా కూర్చోవాలి. ఒకసారికి ఒకవైపు నుంచే వదులుతారు. కార్డు గీకాక బావగారు రసీదు మడిచి జేబులో పెట్టుకున్నారు, ఎంతైందో అక్కకి చెప్పలేదు. ఈ కాలువ లేకపోతే పెలొపొనీస్ ద్వీపకల్పం మొత్తం దక్షిణం నుంచి చుట్టి రావాలి, వందల కిలోమీటర్లు. 2021లో కొండచరియలు విరిగిపడి మూసేశాక కొన్నేళ్లు వేసవి నెలల్లో మాత్రమే తెరిచి, మిగతా కాలమంతా మరమ్మతులు చేశారు. వచ్చేవాళ్లు ముందుగా వేళలు చూసుకుని రావాలి.

దారికి అడ్డంగా వంతెన ఉంది. అది పైకి లేవదు, పక్కకి తిరగదు. కార్లని ఆపేసి, వంతెనని నిలువునా నీళ్ల అడుక్కి దించేస్తారు. మేం దాని మీదుగానే వెళ్లాం. మళ్లీ పైకొచ్చినప్పుడు ఒక్కోసారి దాని మీద చేపలు మిగిలిపోతాయని, పిల్లలు ఏరుకుంటారని అంటారు. మావారు వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నారు, మాకేం కనబడలేదు.

లోపల పొడవు 6.3 కిలోమీటర్లు. నీటి దగ్గర వెడల్పు 25 మీటర్ల లోపే, గోడలు ఎత్తైన చోట 80 మీటర్ల దాకా లేస్తాయి. పసుపుపచ్చ రాయి, మట్టి పొరలు, పగుళ్లలో మొలిచిన చెట్లు. అక్కడక్కడా కొత్తగా రాలిన చోట్లు తెల్లగా కనబడతాయి. చుక్కాని బావగారి చేతిలోనే ఉంది, ఎవరికీ ఇవ్వలేదు. పై వంతెనల మీద నుంచి టూరిస్టులు చేతులూపుతుంటే మేమూ ఊపాం. క్రీ.శ. 67లో రోమన్ చక్రవర్తి నీరో ఇక్కడ తవ్వకం మొదలుపెట్టి, వేలమంది యూదు బందీల చేత తవ్వించాడు. మరుసటేడు అతను చచ్చిపోవడంతో పని ఆగింది. మళ్లీ 1882లో మొదలై 1893లో పూర్తయింది. ప్రాచీన కాలంలో ఓడల్నీ సరుకుల్నీ నేల మీదుగా ఈడ్చుకెళ్లేవారు. క్రీ.పూ. 600 ప్రాంతంలో వేసిన ఆ రాతిబాట ముక్కలు పశ్చిమ కొసన ఒడ్డు పక్కనే ఉన్నాయి. బండ్ల చక్రాలు పోవడానికి రాతిలో గాడులున్నాయట, పడవ మీద నుంచి అవి కనబడవు. మావారు దిగి చూసొద్దామన్నారు. కాలువలో ఆగకూడదన్నారు బావగారు. ఎందుకన్నారు మావారు.

కొరింత్ రేవులో మేమిద్దరం దిగిపోయాం. అక్కడి నుంచి ఏథెన్స్‌కి లోకల్ రైలుంది. బావగారూ అక్కా గాలి అనుకూలంగా ఉందని ఆ మధ్యాహ్నమే పడమటికి బయల్దేరారు. ప్రెవెజా చేరాక అక్క ఫోన్ చేసింది. పడవ ఒడ్డెక్కిందట, అడుగుభాగాన గవ్వలు బాగా పట్టాయట. మే నెలలో గీకి కొత్త రంగు వేయాలి, ఇద్దరు మనుషులు కావాలి, భోజనం మాది అని బావగారు చెప్పమన్నారట. మావారు అప్పుడే ఏ రంగు, ఎందుకని అడుగుతున్నారు.